సున్నం సూది

ఆవిడ అసలు పేరు ల్యాబువాళ్ళ జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆవిడ సూదక్కే. రక్తపరీక్షల ల్యాబులో మొదటి కుర్చీ ఆవిడది. ఎదురుగా కూర్చుని చేయి చాపినవాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగపట్టుకుని ఉండగానే "అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి" అనేది. సూది పడిందో లేదో తెలియక వాళ్ళు చేతివంక అనుమానంగా చూసుకునేవాళ్ళు. పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా జనం మాత్రం సూదక్క ముందే వరుస కట్టేవాళ్ళు. రెండో కుర్చీ ఆవిడకి దీంతో ఒళ్ళు మండేది. మండితే మండనీ, అందరికీ అలాంటి చేయి ఎక్కణ్ణించి వస్తుంది? నరం దొరకని లావుపాటివాళ్ళకీ, సూది పేరెత్తితేనే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్లలకీ, మంచం దిగలేని ముసలివాళ్ళకీ సూదక్కే కావాలి. రోజూ తెలతెలవారుతూండగా బయల్దేరి, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళు తిరిగి రక్తం తీసుకుని, అటునుంచి అటే ల్యాబుకి వెళ్ళేది.

ఆవిడకి రెండే పిచ్చులు. ఒకటి ఆ సూది. రెండోది ఇంట్లో హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ తొట్టి.

తొట్టి అంటే ఎర్రచేపలు రెండు తిరిగే గాజు గిన్నె అనుకునేరు. గోడ ఆ చివర్నించి ఈ చివరిదాకా ఉంటుంది. సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళు, పైన నీలం దీపాలు, లోపల రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగేది కాదు. తింటుంది, పెరుగుతుంది, అలుగుతుంది, ఒక్కోసారి కారణం చెప్పకుండా చచ్చిపోతుంది కూడా. ఆ తొట్టి మధ్యలో ఆకుపచ్చ పగడం గుత్తి ఒకటుంది. గోరంత ముక్క తెచ్చి రాయికి అంటిస్తే ఏళ్ళ మీద పెరిగి పెరిగి పెద్ద గోబిపువ్వంత అయింది. ఇంటికెవరొచ్చినా ముందు దానికి పరిచయం చేసి, తర్వాతే కుర్చీ చూపించేది సూదక్క.

ఆవిడ భర్తది ఆ ఇంటికిందే కళ్ళజోళ్ళ షాపు. నెమ్మదైన మనిషి, గొంతెత్తి మాట్లాడడు. చిన్నచిన్న స్క్రూడ్రైవర్లు పెట్టెలో వరసగా పేర్చుకుని, సాయంత్రం షాపు మూసేముందు ఒక్కోదాన్నీ నూనెగుడ్డతో తుడిచి పెట్టుకునేవాడు. మధ్యాహ్నం భోజనానికి పైకొచ్చి, చేపలకి మేత వేసి, ఓ కునుకు తీసి మళ్ళీ కిందికి దిగేవాడు. తొట్టి విషయంలో ఆయనకి అప్పజెప్పిన పని ఆ మేత వేయడమొక్కటే.

అలాంటి తొట్టిలోకి కలుపు దిగింది. చేపల షాపాయన దగ్గర కొన్న పగడం ముక్క అడుగున దాక్కుని వచ్చింది. కొత్తది ఏది తెచ్చినా విడిగా బకెట్లో పెట్టి, రోజూ భూతద్దంతో చూసి గానీ తొట్టిలో వేసే మనిషి కాదు సూదక్క. అయినా అది ఆవిడ కన్నుగప్పి వచ్చేసింది. పుస్తకాల్లో దాన్ని సీ ఎనిమోన్ అంటారు, సముద్రపు పువ్వంటారు. పేరు ఘనమే. చూడ్డానికి గోధుమరంగు కాడ, దాని తలమీద సన్నటి మీసాలు, పువ్వులానే ఉంటుంది. పక్కనున్న పగడాన్ని ఆ మీసాలతో కుట్టికుట్టి చంపి, ఆ చోట్లో తాను కాపురం పెడుతుంది. సిగ్గూ శరం లేని జాతి. సూదక్క దానికి కలుపు అనే పేరు పెట్టింది.

"ఏమండీ, ఇటు రండి, ఒక్క మాట చెవిన వేసుకోండి," అని భర్తని తొట్టి ముందు నిలబెట్టి మరీ చెప్పింది. "ఇది కనపడితే ముట్టుకోవద్దు. పీకొద్దు, కోయొద్దు, గీకొద్దు. దాని పాదం ముక్క ఆవగింజంత రాయికి అంటుకుని మిగిలినా చాలు, అది ఇంకోటై లేస్తుంది. ఒకటి గీకితే పది మొలుస్తాయి."

"నాకెందుకు దాంతో, నా మేతేదో నేను వేసి పోతాను," అన్నాడాయన.

దాన్ని చంపే దారి ఒక్కటే. సున్నపు పొడిని నీళ్ళలో మీగడంత చిక్కగా కలపాలి. సన్నటి సిరంజిలోకి ఎక్కించాలి. నీళ్ళు తిప్పే మోటార్లు ఆపేసి, నీళ్ళు నిలకడగా అయ్యాక, సూదిని దాని నోటి మీదికి మెల్లగా తీసుకెళ్ళాలి. మీసానికి సూది తగిలిందా, చటుక్కున ముడుచుకుని రాతి కంతలోకి దూరిపోతుంది. తగలకుండా నోటి నడిమధ్యకి వెళ్ళి సున్నం వదిలితే, ఎవరో తిండి పెట్టారనుకుని గుటుక్కున మింగుతుంది. అంతే, పాదంతో సహా లోపల్నించి ఉడికి కరిగిపోతుంది. రొయ్యలు కూడా దాన్ని తింటాయంటే ఒక జత తెచ్చి వేసింది. అవి కలుపు వైపు కన్నెత్తి చూడకుండా, చేపల మేత తిని కొత్తల్లుళ్ళలా బలిసి కూర్చున్నాయి. కాబట్టి సూదే గతి. సూదంటే సూదక్కకి కొట్టినపిండి.

మొదటి ఆదివారం సునాయాసంగా అయిపోయింది. కనపడిన ప్రతిదానికీ సున్నం మింగించి, చేయి తుడుచుకుని, గెలిచినట్టే కూర్చుంది. వారం మధ్యకొచ్చేసరికి అదే రాయి మీద గుంపులు గుంపులుగా పిల్ల కలుపు. ఎవరో గుప్పెట్లో పట్టుకుని చల్లినట్టుంది. తర్వాతి ఆదివారం మళ్ళీ పొడిచింది. మళ్ళీ వారం మధ్యకి ఇంకా ఎక్కువయ్యాయి. గాజు మీదికి కూడా పాకాయి. ఆకుపచ్చ పగడం ఒక పక్కనుంచి తెల్లబడడం మొదలుపెట్టింది.

సూదక్కకి ఏం పాలుపోలేదు. చేపల షాపాయన్ని అడిగితే ఆయన తల గోక్కుని, "సూది పక్కకి జరిగి పాదం చిరిగితే అలా అవుతుందమ్మా. కానీ మీ చేతికి అలా జరగదే," అన్నాడు. ఆయన మామూలుగా అన్న మాటే. కానీ ఇంటికొచ్చేదాకా ఆవిడ చెవిలో అది జోరీగలా తిరుగుతూనే ఉంది. సూది జరుగుతోందా? నా చేతిలో సూది జరుగుతోందా?

ఆ సాయంత్రం ఆ మాటే భర్తతో అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "నా చేతి మీద చూసుకోరాదూ. ఇంట్లోదే కదా, డబ్బులడగను," అని నవ్వుతూ చొక్కా చేయి పైకి మడిచాడు. సూదక్క రబ్బరు పట్టీ కట్టింది, నరం తడిమింది, సూది వేసింది. ఆయన మొహం కొద్దిగా చిట్లించి, వెంటనే మామూలుగా పెట్టేసుకున్నాడు.

"నొప్పి పుట్టిందా?"

"ఏం లేదులే."

"నా మీద ఒట్టు, నిజం చెప్పండి."

"కాస్త చురుక్కుమంది," అన్నాడాయన జాలిగా. "ఇదివరకు తెలిసేదే కాదు. అయినా ఇన్నేళ్ళు చేసిన చేయి, అలిసిపోదా మరి? మనిషివే కదా నువ్వూ."

తర్వాత ఇంకో రెండుసార్లు చూసింది. రెండుసార్లూ చురుక్కుమందన్నాడు. ఆఖరిసారి కాస్త ఎక్కువే అన్నాడు, అదీ చాలా బలవంతం చేస్తే.

ఇక చూడండి, అనుమానం ఎంత పాడుదో. ఇంట్లో మొదలైంది ల్యాబుకి కూడా వెంట వెళ్ళింది. నరం మీద వేలు పెట్టాక, సూది దించడానికి ముందు ఆవిడ ఆగడం మొదలుపెట్టింది. ఆగితే చేయి ఆలోచిస్తుంది, చేయి ఆలోచించడం మొదలుపెడితే పని చెడుతుంది. ఆవిడ తిరిగే ఇళ్ళలో ఒక ముసలి దర్జీ ఉన్నాడు, నడుం పడిపోయి మంచం మీదే ఉంటాడు. "నీదీ సూది పనే, నాదీ సూది పనే, కాకపోతే నువ్వు కుట్టకుండానే వదిలేస్తావు," అని ప్రతిసారీ అదే హాస్యమాడి తనే నవ్వుకుంటాడు. ఆ పెద్దాయనకి ఒకరోజు సూది నరం దాటిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ తప్పింది. చూస్తూండగానే చేయి నీలంగా పొంగింది. ఆయన దుప్పటి చేతిమీదికి లాక్కున్నాడు. ఏదైనా తిట్టి ఉన్నా బాగుండేదనిపించింది సూదక్కకి.

ఆరోజే ల్యాబు మేనేజరు గదిలోకి వెళ్ళి, "నన్ను కుర్చీలోంచి తీసెయ్యండి సార్. సీసాల మీద చీటీలు అంటించే బల్ల దగ్గర వెయ్యండి," అంది. మేనేజరు ఆవిడ వంక ఎగాదిగా చూశాడు. ఒంట్లో బాగాలేదా అన్నాడు, ఎవరైనా ఏమైనా అన్నారా అన్నాడు. నా చేయి నాకు తెలుసు అంది సూదక్క. రెండో కుర్చీ ఆవిడ మొదటి కుర్చీలోకి జరిగింది.

ఇంటికొచ్చి చెబితే భర్త లేచి స్వయంగా టీ పెట్టి తెచ్చాడు. "మంచిపని చేశావు. ఇంక చీకట్లో పడి పరిగెత్తక్కర్లేదు. పొద్దున్నే ఇద్దరం కూర్చుని తీరిగ్గా టీ తాగొచ్చు," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఏదో పాట కూనిరాగం తీశాడు కూడా. ఆవిడ టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఏడ్చింది. తన బాధ ఇంతగా పంచుకునే మనిషి దొరికినందుకు ఆ ఏడుపులోనే ఎంతో సంతోషపడింది. పిచ్చిది.

చీటీల బల్ల పని పొద్దెక్కాక మొదలవుతుంది. కొత్తగా వచ్చిన ఆ తీరికలో ఒకరోజు ఆవిడ కళ్ళజోడు స్క్రూ వదులై కాడ ఊడి చేతికొచ్చింది. భర్త కొత్త ఫ్రేములు తేవడానికి వెళ్ళాడు. ఈమాత్రం దానికి ఆయనొచ్చేదాకా ఆగాలా అనుకుని, తనే షాపులోకి దిగి పెట్టె తెరిచింది. స్క్రూడ్రైవర్లన్నీ వరసగా మెరుస్తున్నాయి. అన్నిటికన్నా సన్నది మాత్రం కొసనుంచి సగందాకా ఎర్రగా తుప్పు పట్టి ఉంది. నూనెగుడ్డ అందని పిడి మొదట్లో తెల్లగా ఏదో పేరుకుంది. ఆవిడ దాన్ని గోటితో గీరి నాలిక్కి తగిలించుకుంది. ఉప్పు.

సూదక్క ఆ స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే మెట్లెక్కి పైకొచ్చింది. కళ్ళజోడు బాగుచేసుకునే సంగతే మర్చిపోయి, ఒంటికాడతోనే ముక్కు మీద నిలబెట్టుకుంది. టార్చి తీసుకుని, ఎప్పుడూ చూసే ఎదురువైపు నుంచి కాకుండా, గోడ పక్కన సందులోకి ఒదిగి నిలబడి రాళ్ళని పక్కనుంచి చూసింది. పాతబడ్డ రాళ్ళ మీద ఊదారంగు పొర ఒకటి కడుతుంది, ఉప్పునీళ్ళ తొట్లకి అదే అందం. ఆ పొర మీద సన్నటి గీతలున్నాయి. తిన్నగా, పొరని చీల్చుకుంటూ, లోపలి తెల్లరాయి కనపడేలా ఉన్నాయి. కొన్నింటి మీద అప్పుడే పాచి పట్టింది. కొన్ని సుద్దముక్కతో ఇప్పుడే గీసినట్టు తెల్లగా ఉన్నాయి. స్క్రూడ్రైవరు కొసని గాజుకి ఆనించి చూసుకుంది. అదే వెడల్పు. ప్రతి గీత పక్కనా ఓ పిల్ల కలుపు గుంపు హాయిగా మీసాలు ఊపుతోంది.

భర్త ఫ్రేముల డబ్బాతో వచ్చేసరికి సూదక్క భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద స్క్రూడ్రైవరుంది.

"ఇది తుప్పు పట్టిందేమండీ?"

"అదా, చెమట చేయి తగిలి ఉంటుంది."

"మీ చెమట సముద్రమంత ఉప్పగా ఉందే."

ఆయన డబ్బా కింద పెట్టి, ఎదురు కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"ఒకసారి గీకాను," అన్నాడు. "నువ్వు అలిసిపోయొచ్చి పడుకున్నావు. ఒకటి ఎదురుగా కనపడింది. నీకు పని తగ్గుతుంది కదా అని గీకేశాను. చెప్తే తిడతావని చెప్పలేదు."

"గీకొద్దని చెప్పానుగా."

"చెప్పావు. మర్చిపోయాను."

"సరే, మర్చిపోయారు. నిన్నటి గీత కూడా మర్చిపోయే గీశారా?"

ఆయన స్క్రూడ్రైవరుని బల్ల అంచుకి సమంగా జరిపాడు. సూదక్క కదలకుండా కూర్చుంది. నరం దొరకనివాళ్ళ దగ్గర ఎలా ఓపిక పట్టేదో అలాగే పట్టింది.

"నా షాపు బోర్డు మీద ఎవరి పేరుందో ఈ వీధిలో ఎవడికైనా తెలుసా?" అన్నాడు చివరికి. గొంతు పెంచకుండానే అన్నాడు. "సూదక్క ఇంటికింద కళ్ళజోళ్ళ కొట్టు అంటారు. సూదక్క మొగుడంటారు. కళ్ళజోడు కోసం వచ్చి, అక్క ఉందా, ఒకసారి రక్తం తీస్తుందా అని అడుగుతారు. నేను పొద్దున్న లేచేసరికి నువ్వుండవు. ఒక్కణ్ణీ టీ పెట్టుకుని, ఆ తొట్టి మొహం చూస్తూ తాగాలి. మానెయ్యమంటే మానేదానివా? ఎన్నిసార్లు అడిగాను? నువ్వు ఎవరి మాటా వినవు. నీ చేతి మాటొక్కటే వింటావు."

"అందుకని నా చేత్తోనే చెప్పించారు."

"ఏం పోయిందిప్పుడు? కూర్చుని చేసుకునే పని. ఉద్యోగమేం ఊడలేదుగా."

సూదక్క తన కుడిచేతిని బల్లమీద బోర్లా పెట్టి దానివంకే చూసింది. ముసలి దర్జీ దుప్పటి లాక్కోవడం కళ్ళముందు కదిలింది.

"ఒక్కటి అడుగుతాను, దానికి మాత్రం నిజం చెప్పండి. ఆరోజు మీ చేతికి సూది వేస్తే చురుక్కుమందన్నారు. నిజంగా చురుక్కుమందా?"

ఆయన తల దించుకున్నాడు.

"లేదు."

"తర్వాత వేసినవి?"

"ఏదీ లేదు. నాకెప్పుడూ తెలియనే లేదు. నీ చేయికేం, బ్రహ్మాండంగా ఉంది."

స్క్రూడ్రైవరు సంగతి ఆవిడ క్షమించేదే. నిజంగా క్షమించేది. పిల్లచేష్ట అనుకునేది, రెండురోజులు మూతి ముడుచుకుని మూడోరోజు నవ్వేసేది. పోయిన పగడం మళ్ళీ పెంచుకునేది. కానీ చొక్కా చేయి తనంతట తను మడిచి, చేయి చాపి, ఆవిడ సూది తన ఒంట్లో ఉండగా, ఆవిడ మొహంలోకి చూస్తూ, నొప్పి లేనిదాన్ని నొప్పి అన్నాడే. తనని ప్రపంచంలో అందరికన్నా నమ్మిన మనిషిని, ఆవిడ నమ్మకంతోనే పడగొట్టాడు. అలిసిపోయావు పాపం అని జాలి కూడా చూపించాడు.

"పోనీలే, ఇప్పుడు తెలిసిందిగా," అన్నాడాయన, ఏదో చిక్కు విప్పేసినట్టు తేలికపడి. "రేపు వెళ్ళి కుర్చీ అడుగు. ఇచ్చేస్తారు. నేను అడ్డు చెప్పను."

"మీరు అడ్డు చెప్పరు," అంది సూదక్క. పెట్టెలోంచి సున్నపు పొడి తీసి కలపడం మొదలుపెట్టింది. మోటార్లు ఆపింది. టార్చి పట్టుకుంటానని ఆయన దగ్గరికి వస్తే వద్దంది. కలుపు ఒక్కోదానికీ సున్నం మింగించుకుంటూ సాయంత్రం దాకా ఆ తొట్టి ముందే నిలబడింది. ఆ దెబ్బకి పోయిన కలుపు మళ్ళీ లేవలేదు. ఆకుపచ్చ పగడం సగం తెల్లగా, ఎముకలా మిగిలింది.

కుర్చీ మళ్ళీ అడిగితే మేనేజరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "మీరు లేక జనం నన్ను తింటున్నారమ్మా. ముందు బోణీ నాకే చెయ్యండి, ఎలాగూ షుగరు చూపించుకోవాలి," అని తనే చేయి చాపాడు. సూదక్క పట్టీ కట్టింది. నరం మీద వేలు పెట్టింది. సూది దించింది. సీసా నిండింది.

"నొప్పి పుట్టిందా సార్?"

ఇన్నేళ్ళలో ల్యాబులో ఎవరినీ ఆ ప్రశ్న అడిగిన మనిషి కాదు. మేనేజరు నవ్వాడు. "లేదమ్మా. అసలు వేశారా?" అన్నాడు. సూదక్క ఆయన కళ్ళలోకి, నుదుటి మీదికి, పెదాల మూలల్లోకి చూసింది. అబద్ధం చెప్పిన రోజు భర్త మొహం ఎంత మామూలుగా ఉందో, ఆ మొహమూ అంతే మామూలుగా ఉంది.

మర్నాడు ముసలి దర్జీ ఇంటికి వెళ్ళింది. ఆయన ఆవిణ్ణి చూడగానే దుప్పటి తీసి, నీలం ఇంకా పూర్తిగా తగ్గని చేతినే ముందుకు చాపాడు. రెండో చేతికి వేస్తానంటే ఒప్పుకోలేదు. ఇదే వెయ్యి, దీని మీదే వెయ్యి అన్నాడు. సూదక్క వేసింది. ఒకేసారి పడింది.

"నొప్పి పుట్టిందా పెద్దాయనా?"

"లేదే తల్లీ."

"నిజం చెప్పు."

"నిజమే. నీకు నేనెందుకు అబద్ధం చెప్తాను?"

"నా మంచి కోసం చెప్తారు," అంది సూదక్క. "నా మంచి కోసమే చెప్తారు అందరూ."

దర్జీకి ఏమీ అర్థం కాలేదు. దూది నొక్కి పట్టుకుని ఆవిడవంక చూస్తూ ఉండిపోయాడు. సూదక్క సీసా మీద ఆయన పేరు రాసి, సంచిలో పెట్టుకుని, ఇంకో ఇంటికి బయల్దేరింది. ఆ ఇంట్లోనూ అడిగింది. ఆ తర్వాతి ఇంట్లోనూ అడిగింది. అందరూ లేదనే అన్నారు. ఆవిడ ఒక్కరినీ నమ్మలేదు.